నెత్తిన మంచుంటే వెనక్కి తిరిగే ఫ్లోట్: డ్రమ్ములో దక్షిణ మహాసముద్రం, దశలవారీ డైరీ

ఇదే పని ఇంకెవరైనా మొదలుపెడితే మేం పోగొట్టుకున్న వారాలు, ఐసు డబ్బులు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను. కట్టింది చిన్న ఫ్లోట్. నీళ్లలో మునిగి, తిరిగి లేచి, దారి పొడుగునా లోతూ ఉష్ణోగ్రతా రాసుకునే గొట్టం. ఇలాంటి నమూనాలు కాలేజీ పిల్లలు చాలామంది చేశారు. మాది మాత్రం ఒక్క పనికోసం: నెత్తిన మంచు ఉందనిపిస్తే పైకి రాకుండా ఆగిపోవాలి.

అసలు సంగతి తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. ఆర్గో ఫ్లోట్లు ప్రపంచ సముద్రాల్లో సుమారు 4,000 ఉన్నాయి. 1,000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2,000 మీటర్లకి దిగి, అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి కబురు చెప్పి మళ్లీ మునుగుతాయి. మన దేశం ఫ్లోట్ల డేటా చూసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). ధ్రువాల దగ్గర చిక్కేమిటంటే పైకి రావడమే ప్రమాదం. మంచుకి కొట్టుకుంటే యాంటెన్నా విరుగుతుంది, లేదంటే చుట్టూ గడ్డకట్టి ఇరుక్కుపోతుంది. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ వాళ్లు అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రం కోసం దీనికో ఉపాయం కట్టారు. 50 నుంచి 20 మీటర్ల లోతు మధ్య ఉష్ణోగ్రతల మధ్యగతం (వరసగా పేరిస్తే నడిమి అంకె) మైనస్ 1.79 డిగ్రీల కన్నా తక్కువైతే పైన మంచు ఉన్నట్టే లెక్క, వెనక్కి తిరుగు. కెమెరా లేదు, సోనార్ లేదు. ఒక్క థర్మామీటరు మాటమీదే నిర్ణయం.

పనిచేసింది ఇద్దరం. నేను కాకినాడలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మా మేనల్లుడు డిప్లొమా మూడో ఏడు. ఆదివారాలే పని.

దశ 1: గొట్టం, సిరంజి, మోటారు

1. 75 మి.మీ. పీవీసీ పైపు, 40 సెం.మీ. ముక్క. ఒక కొస శాశ్వతంగా అతికించాం, రెండోది మరమూత.
2. కింది కొసలో 60 మి.లీ. సిరంజి, మూతి బయటికి. పిస్టన్ వెనక్కి లాగితే నీళ్లు లోపలికొస్తాయి, ఫ్లోట్ మునుగుతుంది. తోస్తే లేస్తుంది.
3. పిస్టన్‌ని నడిపేది మరకడ్డీ బిగించిన చిన్న గేరు మోటారు.
4. పైకొసన పీడన సెన్సర్, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్. లోపల అన్నీ నడిపే ఈఎస్‌పీ32 బోర్డు, రెండు 18650 బ్యాటరీ సెల్స్.

అసలు ఫ్లోట్లు చేసేదీ ఇదే, కాకపోతే నీళ్లని లోపలికి లాక్కోవు. లోపలి నూనెని బయటి రబ్బరు సంచిలోకి పంపు చేసి ఒళ్లు పెంచుకుంటాయి. సిరంజి చవక, అంతే.

మొదటి దెబ్బ మరమూత దగ్గర తగిలింది. టెఫ్లాన్ టేపు చుట్టేస్తే చాలనుకున్నాను. బకెట్లో రాత్రంతా ఉంచి తీస్తే లోపల 14 మి.లీ. నీళ్లు. మూత మార్చి, కొత్తదానికి గాడి చెక్కించి ఓ-రింగు (రబ్బరు వలయం) వేశాం. మర్నాడు ఐసు నీళ్లలో ముంచి తీస్తే బోర్డు మీద మళ్లీ తడి! వాడు సిలికాన్ పూసేస్తానంటూ ట్యూబు తీశాడు. ఆగరా అని ముందు తూకం వేయించాను. ముంచకముందు, తీశాక, గ్రాము తేడా లేదు. అంటే బయటి నీళ్లు రాలేదు. మూత పెట్టినప్పుడు లోపల చిక్కిన కాకినాడ గాలే చల్లబడి చెమ్మగా దిగింది. సిలికా జెల్ సంచీలు నాలుగు పడేస్తే సరిపోయింది. కారిందా, చెమర్చిందా అన్నది కంటితో తేలదు, తక్కెడతోనే తేలుతుంది.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,800.

దశ 2: బరువు లెక్క రెండుసార్లు తప్పడం

ఫ్లోట్ ఒళ్లు మొత్తం 1,900 మి.లీ. సిరంజి 60. అంటే మన చేతిలో ఉన్న ఆట మూడు శాతం. కుళాయి నీళ్లలో, పిస్టన్ సగంలో ఉండగా ఎటూ పోకుండా నిలబడేలా ఇనప వాషర్లు సర్దాం. అందంగా నిలబడింది. ఉప్పు నీళ్లలో వేస్తే బిరడాలా తేలింది. పిస్టన్ పూర్తిగా లాగినా మునగదు.

ఇది ముందే తట్టాల్సింది. 28 డిగ్రీల కుళాయి నీళ్లు లీటరు 996 గ్రాములు. గడ్డకట్టేంత చల్లటి సముద్రపు నీళ్లు దాదాపు 1,028. 1,900 మి.లీ. మీద తేడా 60 గ్రాములు. సిరంజి మొత్తం సత్తా అంతే.

సరే, 60 గ్రాముల వాషర్లు చేర్చి చల్లటి ఉప్పు నీళ్లలో వేశాం. ఈసారి రాయిలా మునిగింది. 12 గ్రాములు తీసేశాకే నిలబడింది. ఆ పన్నెండు ఎక్కడివో తెలియక రెండు ఆదివారాలు పోయాయి. తక్కెడ మీద అనుమానపడ్డాను, నీళ్ల మీద పడ్డాను. చివరికి తేలింది పైపు. పీవీసీ చలికి బాగా ముడుచుకుంటుంది. 30 డిగ్రీలు దిగేసరికి మా గొట్టం ఒళ్లు 12 మి.లీ. తగ్గింది. ఆర్గో ఫ్లోట్ల ఒళ్లు సాధారణంగా అల్యూమినియం, దాని ముడుత ఇందులో మూడో వంతు. అయినా వాళ్లూ ఆ లెక్క వేసే బరువు సర్దుతారు.

చెయ్యాల్సిన పద్ధతి:

1. బరువు సర్దేది ఆఖరికి ఏ నీళ్లలో వాడతారో ఆ నీళ్లలోనే.
2. ఫ్లోట్‌ని అరగంట నానబెట్టాకే చూడండి. వేసిన వెంటనే చూస్తే గొట్టం ఇంకా వెచ్చగా ఉంటుంది, తప్పు చెబుతుంది.
3. వాషర్లు అడుగునే ఉండాలి. మధ్యలో పెడితే పడుకుంటుంది.

చలికి ఇంకోటి కూడా బయటపడింది. గదిలో 180 మిల్లీ యాంపులు లాగే మోటారు చల్లటి నీళ్లలో 410 లాగింది. సిరంజి రబ్బరు బిగుసుకుని, బండి గ్రీజు మైనంలా అయింది. సిలికాన్ గ్రీజు మార్చాక 240కి దిగింది.

తక్కెడ, ఓ-రింగులు, గ్రీజు, వాషర్లు, సిలికా జెల్: రూ. 810. మొత్తం రూ. 4,610.

దశ 3: డ్రమ్ములో సముద్రం తయారు చెయ్యడం

నీలం రంగు 200 లీటర్ల డ్రమ్ము పాతది. దాని మధ్యలో మీటరు ఎత్తు 200 మి.మీ. పైపు నిలబెట్టాం, అడుగు మూసేసి. ఈ పైపే సముద్రం. 85 సెం.మీ. లోతు, 24 లీటర్ల నీళ్లు. చుట్టూ డ్రమ్ములో ఐసూ ఉప్పూ.

హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో 80 కిలోలు అడిగితే ఆయన "బోటు ఏదండీ?" అన్నాడు. బోటు లేదన్నాను. "మరి చేపలేవండీ?" చేపలూ లేవన్నాను. ఆ పై వారాల్లో ఇంకేం అడగలేదు. మమ్మల్ని చూడగానే కుర్రాడికి సైగ చేసేవాడు.

మొదట డ్రమ్ము వరకూ వెళ్లకుండా అడ్డదారి తొక్కాను. బీచి నుంచి తెచ్చిన నీళ్లు 16 లీటర్లు పైపులో పోసి, అందులోనే 6 కిలోల ఐసు వేశాను. ఉష్ణోగ్రత మైనస్ 1.1 దగ్గర ఆగిపోయింది. ఇంకా ఐసు వేసినా దిగదు. కరిగిన ఐసు మంచినీరు కదా, ఉప్పుని పలచన చేసింది. లీటరు తీసి ఆవిరి చేస్తే అడుగున 20 గ్రాములు మిగిలాయి. 20 గ్రాముల ఉప్పున్న నీరు గడ్డకట్టేదే మైనస్ 1.1 దగ్గర.

అప్పుడు ఐసుని బయట ఉంచి, పైపులో మొత్తం బీచి నీళ్లే పోశాం. మైనస్ 1.5 దగ్గర పైన మంచు పొర కట్టింది. ఫ్లోట్ హాయిగా లేచి మంచుకి గుద్దుకుంది. మళ్లీ పంపితే మళ్లీ గుద్దుకుంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ ఒక పూట గడిపాక వాడే అన్నాడు, "మావయ్యా, ఈ నీళ్లు మైనస్ 1.79కి ఎప్పటికైనా వస్తాయా?" రావు. మా బీచి నీళ్లు ఆవిరి చేస్తే లీటరుకి 27 గ్రాములే. గోదావరి కలిసిన తీరం మరి. ఆ నీరు మైనస్ 1.47కే గడ్డకడుతుంది. గీత మైనస్ 1.79 దగ్గర గీస్తే ఫ్లోట్ ఎప్పటికీ మంచుని గుర్తించదు.

ఈ తప్పు మా డ్రమ్ముకే పరిమితం కాదు. ఆర్కిటిక్‌లో లీనా, యెనిసెయ్, ఓబ్ నదులు తెచ్చే నీటితో పైపొర ఉప్పు తగ్గి ఉంటుంది. అంటార్కిటికా కోసం పెట్టిన అంకె అక్కడ పనిచెయ్యదు. అందుకే ఆర్కిటిక్‌లో వేరే దారులు కూడా పట్టారు. మంచు పలకకే తాడు కట్టి దాని మీద కొలత యంత్రం ఎక్కుతూ దిగుతూ ఉండే ఏర్పాటు అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లది, 2004 నుంచి. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో 2014లో మన దేశం దించిన ఇండార్క్ అనే కొలతల ఏర్పాటు అయితే అడుగున లంగరు వేసినది, పైకి వచ్చే పనే లేదు.

బజారు కల్లుప్పు కలుపుదామా అంటే, అది దాదాపు ఒకటే లవణం. 35 గ్రాములు కలిపితే మైనస్ 2.1 దాకా గడ్డకట్టదు. అసలు సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, సల్ఫేటు వగైరా కలిసి ఉంటాయి కాబట్టి అదే 35కి మైనస్ 1.92. అందుకని 31 లీటర్ల బీచి నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీద మరిగించి 24కి దింపాం. మా ఆవిడ ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

చివరికి పనిచేసిన వరస:

1. సముద్రపు నీరు 31 లీటర్లు, గుడ్డతో వడగట్టి, 24 లీటర్లకి మరిగించాలి. లవణీయత (కిలో నీటిలో ఉప్పు గ్రాములు) 34.5 దగ్గర వస్తుంది, గడ్డకట్టేది మైనస్ 1.89.
2. డ్రమ్ములో 80 కిలోల ఐసు పొడి, 8 కిలోల కల్లుప్పు. ఇంతకన్నా ఉప్పెక్కువైతే పైపు గోడలకే మంచు పట్టి ఫ్లోట్ అతుక్కుపోతుంది (మాకు రెండుసార్లు అయింది).
3. పైపు కింది 30 సెం.మీ.కి థర్మోకోల్ చుట్టాలి.
4. అడుగుకి సన్న గొట్టంతో కొంచెం ఎక్కువ ఉప్పున్న ప్లస్ 1 డిగ్రీ నీళ్లు నెమ్మదిగా దించాలి.

నాలుగో అంచె ఎందుకంటే, అంటార్కిటికా చుట్టూ నిజంగానే వెచ్చటి నీరు కింద, చల్లటిది పైన ఉంటుంది. కింది నీటిలో ఉప్పెక్కువ కాబట్టి వెచ్చగా ఉన్నా పైకి రాదు.

ఈ దశ: రూ. 2,240. మొత్తం రూ. 6,850. ఐసు 80 కిలోలు. కట్టెలు లెక్కలో వెయ్యలేదు, పెరటి కొబ్బరి మట్టలు.

దశ 4: పదో వంతు డిగ్రీ

ఈ డైరీలో ముఖ్యమైన భాగం ఇదే. మిగతావి దాటేసినా ఇది చదవండి.

గీత మైనస్ 1.79. నీరు గడ్డకట్టేది మైనస్ 1.89. మధ్యలో ఉన్నది పదో వంతు డిగ్రీ. డీఎస్18బీ20 మెట్టు 0.0625 డిగ్రీ. అంటే ఆ సందులో రెండు మెట్లు కూడా పట్టవు. పైగా దాని తయారీదారు ఇచ్చే హామీయే అరడిగ్రీ అటూఇటూ. అయినా చూద్దామని పది సార్లు పంపాం. ఐదుసార్లు పైన మంచుతో, ఐదుసార్లు మైనస్ 1.5 దగ్గర మంచు లేకుండా. నాలుగు తప్పులు. మూడుసార్లు మంచుకి గుద్దుకుంది, ఒకసారి తెరిచిన నీళ్లు ఉండగా భయపడి వెనక్కి పోయింది.

ఆర్గో ఫ్లోట్ల థర్మామీటరు ఖచ్చితత్వం 0.002 డిగ్రీ. అంత ఎందుకో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. సముద్రం వేడెక్కడం కొలవడానికి అనుకునేవాణ్ణి. ఆ మాట నిజమే కానీ, మంచు కింద బతికి బయటపడటానికీ అదే దిక్కు.

మార్చినవి: 10 కిలో ఓమ్ థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే సెన్సర్), దాని వోల్టేజిని అంకెగా మార్చే 16 బిట్ల ఏడీఎస్1115 చిప్పు. ఇక సరిచూసుకోవడం.

1. సున్నా డిగ్రీ: ఫ్లాస్కులో ఐసు పొడి, కాసిని నీళ్లు, థర్మిస్టర్ మధ్యలో, పది నిమిషాలు.
2. మొదటిసారి హార్బరు ఐసే వాడాను. తప్పు. డిస్టిల్డ్ వాటర్‌తో ఇంట్లో గడ్డకట్టించిన ఐసుతో పోలిస్తే 0.08 తక్కువ చూపించింది. ఆ ఐసు బోరు నీళ్లది, దానికి తోడు మా సంచి నిండా ఉప్పే. మాకున్న సందు 0.10 అయితే ఈ ఒక్క తప్పే 0.08 తినేసేది.
3. రెండో బిందువు: పైపులో మంచు కట్టడం మొదలైన క్షణం, మైనస్ 1.89. ఇది కొంచెం తన నీడని తనే కొలుచుకోవడం లాంటిది, ఎందుకంటే ఆ అంకె ఆవిరి చేసి తూచిన ఉప్పు నుంచి లెక్కగట్టిందే, ఆ ఉప్పేమో తేమని పట్టుకుంటుంది, లీటరుకి అరగ్రాము అటూఇటూ. డిగ్రీల్లో 0.03. ఇంతకన్నా బాగా చెయ్యాలంటే విద్యుద్వాహకత కొలిచే మీటరు కావాలి.
4. థర్మిస్టర్‌కి కరెంటు కొలిచేటప్పుడే ఇవ్వాలి. ఎప్పుడూ ఇస్తే తన వేడికి తనే 0.03 ఎక్కువ చూపిస్తుంది.

నాలుగోది కనిపెట్టింది మేనల్లుడు. ఫ్లోట్ కదలకుండా ఉన్నా అంకె మెల్లగా పైకి పాకడం చూసి.

కొత్త సెన్సర్‌తో పది పరీక్షలు. రెండు తప్పులు. రెండూ ఒకే తరహా, మంచు ఉండగా లేచిపోవడం. కారణం కింది దశలో.

సామాను రూ. 1,270. ఐసు మూడుసార్లు 240 కిలోలు, ఉప్పుతో కలిపి రూ. 1,320. మొత్తం రూ. 9,440. ఐసు 320 కిలోలు. పరీక్షలు 20.

దశ 5: తొందర, మతిమరుపు

ఫ్లోట్ 45 సెం.మీ. దూరాన్ని 6 సెకన్లలో ఎక్కేస్తోంది. మా థర్మిస్టర్‌కి స్టీలు తొడుగు ఉంది, మార్పు పట్టుకోవడానికి 8 సెకన్లు కావాలి. అంటే మైనస్ 1.89 నీళ్లలోకి వచ్చినా అడుగు వెచ్చదనాన్నే చెబుతోంది. ఫ్లోట్ అది నమ్మి మంచుకి తల బాదుకుంది. అసలు ఫ్లోట్లు సెకనుకి 10 సెం.మీ. దరిదాపుల్లో లేస్తాయి, మాకన్నా వేగమే, కానీ వాళ్ల సెన్సర్ చురుకు, వాళ్ల సముద్రం లోతు.

మార్పు: 30 సెం.మీ. లోతున ఆగి 25 సెకన్లు నిలబడాలి. అక్కణ్ణుంచి 12 సెం.మీ. దాకా నాలుగు చోట్ల ఆగి కొలిచి, మధ్యగతం తియ్యాలి. సగటు ఎందుకు కాదంటే, ఒక్క వెచ్చటి పాయ తగిలినా సగటు పాడవుతుంది, మధ్యగతం చలించదు. తర్వాత 12 పరీక్షలు, తప్పులు సున్నా.

సంతోషం సాయంత్రం దాకా. డేటా తీసి చూస్తే 12 పరీక్షలకి ఒక్క ప్రొఫైలే (ఒకసారి లేచేటప్పుడు రాసుకున్న కొలతల వరస) ఉంది. వెనక్కి తిరిగిన ప్రతిసారీ కోడ్ పాత ఫైలు మీదే రాసేసింది. పైకొచ్చి వైఫైకి పంపాకే కొత్త ఫైలు తెరవాలని నేనే రాశాను. పైకి రాని ఫ్లోట్ కొత్త ఫైలు ఎలా తెరుస్తుంది? నిజం ఫ్లోట్లు చలికాలమంతా మంచు కిందే ఉండి, ప్రొఫైళ్లు దాచుకుని, వేసవిలో తెరుపు దొరికినప్పుడు అన్నీ పంపుతాయి. పాత ఆర్గోస్ ఉపగ్రహాల కాలంలో కబురు పంపడానికి నీళ్లమీద గంటల తరబడి తేలాల్సి వచ్చేది. ఇరిడియం ఉపగ్రహాలు వచ్చాక నిమిషాల్లో అయిపోతోంది. మంచు పలకల మధ్య సందులో ఆ తేడా చిన్నది కాదు.

ఐసు 160 కిలోలు, ఉప్పు: రూ. 880. మొత్తం రూ. 10,320. ఐసు 480 కిలోలు. పరీక్షలు 32, అందులో డేటా మిగిలినవి 21.

దశ 6: కొలిచింది సరే, ఎక్కడ?

ఇది బల్లముందు పని. పైథాన్‌లో ఆర్గోపై (argopy) అనే లైబ్రరీతో దక్షిణాన 60 డిగ్రీలు దాటిన ప్రొఫైళ్లు దించుకుని పటం మీద చుక్కలు పెట్టాను. కొన్ని ఫ్లోట్ల చుక్కలు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, సమాన దూరాల్లో వచ్చాయి. సముద్రంలో ఏదీ అలా నడవదు. చూస్తే ఆ చుక్కలకి పొజిషన్ క్యూసీ (స్థానం ఎంత నమ్మదగిందో చెప్పే గుర్తు) 8 అని ఉంది, అంటే అంచనా కట్టిన స్థానం. మంచు కింద జీపీఎస్ లేదు కాబట్టి మునగకముందు చోటుకీ తేలిన చోటుకీ మధ్య గీత గీసి పంచేస్తారు. వాటిని వేరే రంగులో వెయ్యండి, లేకపోతే మీ పటం అబద్ధం చెబుతుంది.

వెడెల్ సముద్రంలో దీనికి శబ్దాన్ని వాడారు. లంగరు వేసిన ధ్వని యంత్రాలు వేళకి కూత పెడతాయి, ఫ్లోట్ అది ఎప్పుడు వినబడిందో రాసుకుంటుంది. ఆలస్యాన్ని బట్టి దూరం. ఇంకోదారి ఏనుగు సీళ్లది. వెంట్రుకలకి అతికించిన చిన్న పరికరం ఉప్పూ ఉష్ణోగ్రతా కొలుస్తుంది, ఊపిరి కోసం సీలు పైకి వచ్చినప్పుడు ఉపగ్రహానికి చెబుతుంది, బొచ్చు రాలే కాలానికి ఊడిపోతుంది. 2004 నుంచి ఇలా వచ్చిన ప్రొఫైళ్లు 5 లక్షలు దాటాయి. ఊపిరి తీసే సందు ఎక్కడుందో సీలుకి తెలుసు, మధ్యగతం లెక్క దానికి అక్కర్లేదు.

ఖర్చు లేదు. రెండు ఆదివారాలు.

దశ 7: గుద్దుకోవడాన్నే వాడుకోవడం

తూర్పు అంటార్కిటికాలో ఒక ఆర్గో ఫ్లోట్ డెన్మాన్, షాకిల్టన్ మంచు పలకల (నేల మీది హిమం సముద్రం మీదికి చాచుకుని తేలేవి) కిందికి కొట్టుకుపోయి, నెలల తరబడి అక్కడే కొలిచి, బయటపడింది. కింద ఉన్నన్నాళ్లూ లేచినప్పుడల్లా పలక అడుగుకి తగిలింది. తగిలిన లోతే ఆ చోట మంచు ఎంత దిగి ఉందో చెప్పే కొలత. దాన్ని ఉపగ్రహాల కొలతలతో పోల్చి ఏ దారిన వెళ్లిందో ఊహించారు. ఇన్నాళ్లూ మేం తప్పు కింద రాసుకున్న దెబ్బని వాళ్లు కొలబద్ద చేసుకున్నారు.

మేమూ చేశాం. గీత తీసేసి, అతి నెమ్మదిగా లేపి, పీడనం పది సెకన్లు మారకపోతే "తగిలింది" అని రాసుకోమన్నాం. డ్రమ్ములో మిగిలిన ఐసుతోనే, కొత్త ఖర్చు లేకుండా.

1. మొదటిసారి: 20 మి.మీ.
2. రెండోసారి: 20 మి.మీ.
3. మంచు పలకని రంపంతో కోసి తీసి, నీటి మట్టం కింద ఉన్న భాగాన్ని స్కేలుతో కొలిస్తే: 14 మి.మీ.

రెండుసార్లూ ఒకే అంకె వచ్చిందంటే సెన్సర్ తప్పు కాదు. ఫ్లోట్ బయటికి తీసి కొలిచాం. ఓ-రింగు కోసం దశ 1లో మార్చిన మరమూత పాతదాని కన్నా 6 మి.మీ. ఎత్తు. మంచుకి ముందు తగిలేది ఆ మూతే, సెన్సర్ దాని కింద ఉంది. కోడ్‌లో ఇంకా పాత మూత ఎత్తే ఉంది. మార్చాం. పరీక్షలు 34. మళ్లీ ఐసు కొనేది వచ్చే ఆదివారం, ఈసారి మూతకి రెండో థర్మిస్టర్, తొడుగు లేకుండా.